కుందుజ్ కంప్యూటర్

మా ప్రాంగణంలో సాటిల్గన్ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఎందుకంటే వాణ్ని నేను కొన్నాను.

నలభై ఒక్క ఏళ్ల కిందటి మాట. వాళ్లమ్మకు ముగ్గురు బిడ్డలు వరసగా పురిట్లోనే పోయారు. నాలుగోవాడు పుట్టిన మూడో రోజు ఆవిడ వాణ్ని కిటికీలోంచి బయటికి అందించింది. ఇల్లు రెండో అంతస్తులో ఉండడంతో నేను నిచ్చెన ఎక్కి, ఒక జల్లెడ నిండా తవుడు ఇచ్చి వాణ్ని తీసుకున్నాను. మంచులో ఇంటి చుట్టూ తిప్పి గుమ్మంలోంచి మళ్లీ లోపలికి తెచ్చి, "ఇదిగో, మా పిల్లాణ్ని కాస్త పెంచిపెట్టు" అన్నాను. బిడ్డల్ని ఎత్తుకుపోయేది ఏదైతే ఉందో, అది వచ్చి చూసినా ఈ ఇంటి బిడ్డ దానికి కనిపించకూడదు. అమ్ముడుపోయినవాడని సాటిల్గన్ అనే పేరు పెట్టాం. బతికాడు. ముక్కు ఒక్కటి కొంచెం వంకర. నిచ్చెన దిగేటప్పుడు నా మోచెయ్యి తగిలిందని వాళ్లమ్మ చచ్చేదాకా అంటూనే ఉంది.

పెద్దయ్యాక వాడు లిఫ్టుల మెకానిక్ అయ్యాడు. మా ఇల్లు అయిదంతస్తులది, లిఫ్టు లేదు. రోడ్డుకవతల ఉన్న తొమ్మిదంతస్తుల ఇళ్ల లిఫ్టులన్నీ వాడి చేతి చలవతోనే నడుస్తాయి. వాటికి కొత్త భాగాలు దొరకవు. ఒక లిఫ్టు చస్తే దాని మోటారు ఇంకోదానికీ, దాని బొత్తాలు మరోదానికీ వేస్తాడు. "ఏ ముక్క ఏ ఇంటిదో లిఫ్టుకి తెలియనివ్వకూడదు అపా, తెలిస్తే మొరాయిస్తుంది" అనేవాడు నాతో. ఈ ప్రాంగణంలో అందరికీ నేను అపానే, అంటే పెద్దక్కనే. వాడు మాట తక్కువ మనిషి. నవ్వితే వంకర ముక్కు నవ్వేది, నోరు కాదు.

వాడి భార్య కుందుజ్ సంగీత పాఠశాలలో పిల్లలకు మూడు తీగల కొముజ్ వాయించడం నేర్పేది. అది కాక ఆమెకు ఇంకో పిచ్చి ఉండేది. చావు ఇళ్లలో ఆడవాళ్లు తీసే శోకాలను ముసలమ్మల చేత పాడించి కంప్యూటర్‌లోకి ఎక్కించేది. పెళ్లి పాటలు పోగు చెయ్యవే అంటే, "పెళ్లి పాటలు అందరికీ వచ్చు అపా, ఏడవడమే మర్చిపోతున్నాం" అనేది. మా మెట్ల దారిలో నాలుగో అంతస్తులో బాత్మా అని తొంభై ఏళ్ల ముసలమ్మ ఉండేది. కుందుజ్ రోజూ సాయంత్రం ఆవిడ దగ్గరికి వెళ్లేది. ఆ ముసలమ్మ పోయి రెండేళ్లయింది, ఆ ఇంటికి ఇప్పటికీ తాళమే.

పోయిన డిసెంబరు మొదటి వారంలో కుందుజ్ బస్సులో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. ఆఖరి స్టాపులో డ్రైవరు వచ్చి "దిగమ్మా" అనేదాకా ఎవరికీ తెలియలేదట. ప్రాంగణంలో యుర్త్ గుడారం వేసి మూడు రోజులు ఆమెను అందులో ఉంచాం. అంతమంది చేత శోకాలు పాడించుకున్న మనిషికి శోకం తీయడానికి ఎవరికీ నోరు పెగల్లేదు. కుందుజ్ వాళ్లమ్మ సైరా కొండల్లోని నారిన్ నుంచి వచ్చి, గోడకేసి తిరిగి కూర్చుంది. అంతే.

నలభయ్యో రోజున ఆమె వస్తువులు పంచాం. నాకు బూడిద రంగు శాలువా, ఫోనూ వచ్చాయి. "నీది బొత్తాల ఫోను అపా, ఇది వాడుకో" అని సాటిల్గన్ తాళం తీసేసి ఇచ్చాడు. నంబరు కూడా ఆమెదే ఉంచేశాను. మార్పించాలంటే ఆ క్యూలో ఎవరు నిలబడతారు? ఇవ్వకుండా వాడు దాచుకున్నది ఒక్కటే, ఆమె కంప్యూటర్. అదీ ఆమెకంటే రెండు వారాల ముందే చచ్చింది. దాని మీద పాల టీ ఒలికింది. నువ్వంటే నువ్వని మొగుడూ పెళ్లాలు కొట్లాడుకుంటుంటే నేను చెవులారా విన్నాను.

మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటి నుంచి టకటకమని చప్పుడు వస్తుంటే, ఊరకే ఉండలేక పెరుగు గిన్నె వంక పెట్టుకుని వెళ్లాను. బల్ల నిండా పాత సామాన్ల సంతలో ఏరుకొచ్చిన ఇనుము. పంకాలు, తీగలు, ఆకుపచ్చ పలకలు.

"ఏంట్రా ఇది, కంప్యూటరా, లిఫ్టా?"

"ఇంకా ఏదీ కాలేదు అపా. ఊపిరి పోయాలి."

"కొత్తది కొనుక్కోరాదూ?"

"నాక్కావలసింది కొత్తది కాదు." కిటికీ అంచున బోర్లా పడుకోబెట్టిన కుందుజ్ కంప్యూటర్‌ను చూపించాడు. "దాని ఒళ్లు పోయింది గానీ లోపలి డిస్కు బతికే ఉంది. శోకాలన్నీ అందులోనే ఉన్నాయి, మధ్య మధ్య ఆమె మాటలు కూడా. వాటిని తెరిచే ప్రోగ్రాం ఒకే ఒక ఆపరేటింగ్ వ్యవస్థ మీద నడుస్తుంది. ఆ వ్యవస్థేమో దాన్ని తయారుచేసిన కంపెనీ పెట్టెల్లో తప్ప నడవనంటుంది. ఆ పెట్టె కొనాలంటే మా అత్తమ్మ మంద మొత్తం కొండ దింపి తోలుకురావాలి."

"మరి నీ ఇనప ముక్కల్లో అదెందుకు నడుస్తుంది?"

"అబద్ధం చెప్తే నడుస్తుంది. కళ్లు తెరవగానే అది అడిగే మొదటి మాట, నేనెవరి ఒంట్లో ఉన్నాను అని. సరిగ్గా ఆ క్షణంలో దాని చెవిలో ఒక పేరూ ఒక నంబరూ ఊదాలి. నమ్మితే లేచి కూర్చుంటుంది. నమ్మకపోతే మళ్లీ చస్తుంది."

"ఏ నంబరు ఊదుతావు?"

సాటిల్గన్ ఆ చచ్చిన కంప్యూటర్ పొట్ట మీద వేలు పెట్టాడు. అక్కడ సన్నటి అక్షరాలు చెక్కి ఉన్నాయి. "ఇదే. పాటల ప్రోగ్రాం కూడా ఈ నంబరు చూస్తేనే తలుపు తీస్తుంది."

"ఒరే, నిన్ను దాచాల్సొచ్చినప్పుడు నలుగురు పిల్లలు తిరుగుతున్న మా ఇల్లు చూసి మరీ అమ్మింది మీ అమ్మ. నిండు ఇంటి పేరు అరువు తెచ్చుకుంటారు గానీ, పోయినవాళ్ల పేరు ఎవరైనా పెడతారట్రా?"

"ఇది పెట్టె అపా, పిల్లాడు కాదు."

"నువ్వూ అప్పుడు మూటలాగే ఉన్నావు."

వాడి ముక్కు నవ్వింది. పెరుగు తిన్నాడు. నా మాట మాత్రం వినలేదు.

మూడు నెలలు అది లేవలేదు. నేను వెళ్లినప్పుడల్లా నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చీమల బారులా పరిగెత్తి, ప్రతిసారీ ఒకే చోట ఆగిపోయేవి. ఒకసారి తెరంతా ఊదా రంగు గీతలు వచ్చాయి. ఇంకోసారి అంతా వచ్చింది గానీ శబ్దం రాలేదు. సాటిల్గన్ తిట్టేవాడు కాదు, బల్ల గుద్దేవాడు కాదు. ఏ ముక్కను చూసి దానికి అనుమానం వచ్చిందో వెతికి, దాన్ని పీకి ఇంకోటి పెట్టేవాడు.

జూన్‌లో ఒక గురువారం నేను బోర్సోక్ పిండి ముక్కలు నూనెలో వేయిస్తున్నాను. గురువారం నూనె కాగిన వాసన రావాలి, పోయినవాళ్లు ఆ వాసనకు వస్తారు. బల్ల మీద ఉన్న ఫోను తనంతట తాను వెలిగింది. చేతులు తుడుచుకుని కళ్లజోడు పెట్టుకుని చూశాను.

"కుందుజ్ కంప్యూటర్ ఇప్పుడు అందుబాటులో ఉంది" అని ఉంది.

బోర్సోక్ ఒక వాయి మాడిపోయింది. నేను పొయ్యి ఆర్పి, అవతలి రెక్కలో ఉన్న వాళ్లింటికి కుంటుతూనే పరుగెత్తాను. తలుపు తీసే ఉంది. పెట్టె గుర్రుమంటోంది. తెర మీద కుందుజ్ పెట్టుకున్న కొండ బొమ్మే ఉంది. సాటిల్గన్ వీపు నాకేసి ఉంది, కదలడం లేదు. స్పీకర్లోంచి బాత్మా ముసలమ్మ శోకం వస్తోంది. అది సగంలో ఆగింది. వెంటనే కుందుజ్ గొంతు, పక్క గదిలోంచి పిలిచినంత మామూలుగా అంది:

"అపా, ఇంకొంచెం దగ్గరికి రండి."

నేను వెళ్లాను. అది ముసలమ్మతో అన్న మాటని తెలుసు, ఎప్పుడో మూడేళ్ల కిందటిదని తెలుసు. అయినా నా కాళ్లు రెండడుగులు వేశాయి.

ఆ రోజు నుంచి ఫోను మోగడం మొదలుపెట్టింది. పనులు గుర్తుచేసే ఆ గంటలు కుందుజ్ పెట్టుకున్నవి. ఇన్నాళ్లూ ఆ చచ్చిన కంప్యూటర్ డిస్కులో పడి ఉండి, పెట్టె లేవగానే ఫోనులోకి వచ్చాయి. సోమవారం పొద్దున "బూడిద శాలువా ఎండలో వెయ్యి" అంటుంది. శాలువా నా దగ్గరే ఉంది కదా, వేశాను. మంగళవారం "మీగడ కొనాలి" అంటుంది. ఎలాగూ బజారుకు వెళ్తున్నాను కదా, కొన్నాను. రోజూ సాయంత్రం అయిదున్నరకు మాత్రం ఒకే మాట: "చాలు. నాలుగో అంతస్తు కిటికీ. చూస్తుంటాడు."

నా మోకాళ్లకు రెండో అంతస్తు దాటితే ఎవరెస్టే. కానీ నాలుగో అంతస్తు కిటికీలో ఏముందో చూడకుండా ఉండాలంటే నేను ఇంకొకరి కడుపున పుట్టాలి. గోడ పట్టుకుని ఎక్కాను. తాళం వేసిన బాత్మా ఇంటి ముందు, మెట్లు మలుపు తిరిగే చోట చిన్న కిటికీ ఉంది. మా భవనం మోకాలు మడిచినట్టు ఉంటుంది కాబట్టి, అక్కడి నుంచి చూస్తే సరిగ్గా సాటిల్గన్ గది, బల్ల, వాడి తల కనిపిస్తాయి. ముసలమ్మ దగ్గర పని అయ్యాక కుందుజ్ అక్కడ ఆగి మొగుడికి చెయ్యి ఊపి, అప్పుడు మెట్లు దిగేదన్నమాట. ఇన్నేళ్లు ఈ మెట్ల కిందే ఉండి ఈ సంగతి నాకు తెలియకపోవడం ఏమిటని నా మీద నాకే కోపం వచ్చింది.

అంత దూరం నా కళ్లకు ఆనదు. అందుకని ఫోనుతో ఫొటో తీసి, కిందికొచ్చి తీరిగ్గా పెద్దది చేసుకుని చూసేదాన్ని. అన్నం తిన్నాడా, చొక్కా మార్చాడా, గడ్డం గీశాడా. మర్నాడు మళ్లీ మోగేది, మళ్లీ ఎక్కేదాన్ని. ఆగస్టు వచ్చేసరికి ఫోను మోగకముందే మెట్ల మీద ఉండేదాన్ని. ఒకరోజు మూడో అంతస్తు ఆమె తలుపు తీసి నన్ను చూసి గోడకు అతుక్కుపోయింది.

"నువ్వా అపా! శాలువా, ఆ నడకా చూసి... ఛీ, నా కళ్లు పాడుగాను."

"నడకకేమొచ్చిందే?"

"కుంటడం లేదు నువ్వు."

నిజమే. నేను కుంటడం లేదు.

సెప్టెంబరులో సైరా నారిన్ నుంచి నాకు కబురు పంపింది, బజారులో మీగడ అమ్మే వాళ్ల ఊరి ఆడమనిషి చేత. "కల్బూబూ, ఆష్ ఎప్పుడో అల్లుడు చెప్పడం లేదు. ఆడగుర్రాన్ని మేపి ఉంచాను. మంచు పడితే కనుమ మూసేస్తారు. నువ్వు కొన్న కొడుకు కదా, నువ్వడుగు." ఏడాది తిరిగేలోగా గుర్రాన్ని కోసి అందరికీ ఆష్ విందు పెడితేనే పోయినవాళ్లు పూర్తిగా వెళ్లినట్టు, ఉన్నవాళ్లు మళ్లీ బతకడం మొదలుపెట్టినట్టు. అది పెట్టకపోతే ఇల్లు చావు ఇల్లుగానే ఉండిపోతుంది. సాటిల్గన్ మంచి బట్ట కట్టకూడదు, పండగకు వెళ్లకూడదు, కన్నతల్లి కన్నీళ్లకు అడ్డుకట్ట పడదు.

వెళ్లి అడిగాను. మనిషి చిక్కిపోయాడు. రెండు లిఫ్టులు వారంగా ఆగిపోయి ఉన్నాయని, వీడు పనికి వెళ్లడం లేదని నాకు అప్పటికే తెలుసు.

"ఆష్ పెట్టను అపా."

"పిచ్చా? అంత కర్మ ఏమొచ్చింది?"

"వెళ్లిపోయిన వాళ్లకు పెడతారు ఆష్. ఆమె రోజూ నన్ను చూస్తోంది."

తెర నాకేసి తిప్పాడు. కుందుజ్ పేరు మీద ఉన్న ఫొటోల అర అది. డిసెంబరు దాకా పాఠశాల పిల్లలు, కొముజ్‌లు, బాత్మా ముసలమ్మ చేతులు. ఆ తర్వాత కొన్నాళ్లు ఏమీ లేదు. జూన్ నుంచి మొదలై రోజుకొకటి, అయిదున్నరకు ఒకటి. కిటికీ, బల్ల, వాడి మెడ. కిటికీ, బల్ల, వాడి మెడ. వానలో ఒకటి. వాడు ఎవరో పిలిచినట్టు తల ఎత్తి పైకి చూస్తున్నది ఒకటి.

అన్నీ నేను తీసినవే. కానీ ఆ వరసలో, ఆ పేరు కింద చూస్తుంటే, నేను తీశానని నాకే నమ్మకం కలగలేదు. ఆ చూపులో నా చూపు లేదు. నేనైతే గిన్నెలు కడిగాడా లేదా చూస్తాను. ఈ ఫొటోలన్నింటిలో వాడి మెడే మధ్యన ఉంది.

చెప్పకుండానే ఇంటికొచ్చేశాను. చెప్పకపోతే వాడు ఆ బల్ల ముందే ఎండిపోతాడు. చెప్తే పెళ్లాం రెండోసారి పోతుంది, అదీ నా చేతిలో. మూడు రోజులు మెట్లెక్కలేదు. అయిదున్నరకు ఫోను మోగుతుంటే తలగడ కింద పెట్టాను. నాలుగో రోజు పట్టపగలే ఫోను పట్టుకుని వెళ్లి, వాడికెదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఇటు చూడరా."

చూశాడు. ఫొటో తీశాను. ఇద్దరం తెరకేసి తిరిగాం. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంతలో, ఆ మెడల వరస చివర వాడి ముఖం వచ్చి నిలబడింది. వంకర ముక్కుతో సహా.

"చూశావా. నేనేరా. ఈ ముసల్దాన్నే. నన్ను కొట్టు, తిట్టు."

వాడు తిట్టలేదు. "తెలుసు అపా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఫోను నీ దగ్గర ఉంది. ఖాతా ఒకటే. మొదటి ఫొటో వచ్చినప్పుడే తెలుసు. లిఫ్టులు బాగుచేసేవాణ్ని, ఇది తెలియదా?"

నాకు ఒళ్లు మండింది. "తెలిసి తెలిసి నన్ను నాలుగు అంతస్తులు ఎక్కించావట్రా వెధవా!"

"నేనెక్కించానా? ఫొటోలు నువ్వు తీశావని తెలుసు. ఆ కిటికీ దగ్గరికి ఎందుకెళ్తున్నావో అదే తెలియలేదు. ఆ కిటికీ సంగతి నాకూ ఆమెకూ తప్ప ఎవరికీ తెలియదు."

ఫోను తెరిచి గంట చూపించాను. రెండుసార్లు చదివాడు. తర్వాత కంప్యూటర్‌లో అదే గంటను వెతికి తీశాడు. దాని కింద ఒక తేదీ ఉంది. బాత్మా ముసలమ్మ పోవడానికి ముందు వారం నాటిది.

"ఇది ఒక్కసారి మోగాల్సిన గంట అపా. ఎప్పుడో మోగేసింది కూడా."

"మరి రోజూ నా ప్రాణం తీసిందిగా!"

"చచ్చిన పెట్టెకూ ఈ పెట్టెకూ నంబరొకటే. ఏది ముగిసిందో, ఏది ముగియలేదో దానికి తెలియడం లేదనుకుంటా." వాడు తెర మీది తేదీని వేలితో తుడిచాడు. "అలాగే అనుకుంటా. నాకూ పూర్తిగా తెలియదు."

పెట్టె గుర్రుమంటూనే ఉంది. మేమిద్దరం దాని ముందు, దొంగతనం బయటపడ్డ పిల్లల్లా కూర్చున్నాం.

"శోకాలు తీసుకోవాలంటే ఆ నంబరుండాలన్నావు కదా" అన్నాను చివరికి. "అవెంతవరకు వచ్చాయి?"

"జూలైలోనే అన్నీ మామూలు ఫైళ్లుగా తీసి పక్కన పెట్టేశాను. ఎక్కడైనా వినొచ్చు."

"అంటే జూలై నుంచి ఆ నంబరుతో నీకు పనే లేదు."

వాడు తల వంచుకున్నాడు. మెడ కనిపించింది. నేను చూపు తిప్పుకున్నాను.

"ఇన్ని రోజులూ కాళ్లు నొప్పి పుట్టకుండా ఆ మెట్లు ఎక్కానురా" అన్నాను. "నాకు భయమేస్తోంది. నా కాళ్లు నాకు కావాలి. నొప్పితోనే కావాలి."

ఆ మాటకు వాడు తలెత్తి నన్నూ, నా భుజం మీది శాలువానూ చూశాడు. లేచి కుర్చీ లాక్కున్నాడు. పెట్టెను ఆపి, తెల్ల అక్షరాల నల్ల తెరలోకి వెళ్లి, ఆ నంబరు మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చెరిపాడు. ఎవరిదీ కాని ఇంకో నంబరు రాశాడు. పెట్టె మళ్లీ లేచేసరికి కొండ బొమ్మ లేదు. తెల్లటి తెర, దాని మీద "మీ కంప్యూటర్‌కు పేరు పెట్టండి" అని ఒక ఖాళీ గడి. వాడు దాన్ని ఖాళీగానే వదిలేశాడు.

"ఎప్పుడు పెట్టాలి ఆష్?" అన్నాడు.

"కనుమ మూసేలోగా. ఇప్పుడే చెప్పు మీ అత్తకు. మళ్లీ మనసు మార్చుకుంటావు."

వాడి ఫోను చార్జింగ్‌లో ఉంది. నా ఒళ్లో ఉన్నది లాక్కుని సైరా నంబరు నొక్కాడు. నేను ఆలోచించలేదు. వాడూ ఆలోచించలేదు. అవతల రెండుసార్లు గంట మోగింది. వాడు నోరు తెరిచేలోగా ఒక గొంతు, పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతూ వినిపించింది:

"కుందుజ్? కుందుజ్, తల్లీ, నువ్వేనా?"

నేను నోరు మూసుకున్నాను, నిజంగా చేత్తో.

"తల్లీ, మాట్లాడవే. చలిగా ఉందా అక్కడ?"

"అత్తమ్మా," అన్నాడు వాడు. "నేను. సాటిల్గన్‌ని."

అవతల ఎక్కడో ఒక కుక్క మొరిగింది, తలుపు కొట్టుకుంది.

"ఆష్ పెడదాం అత్తమ్మా. అక్టోబరు ఇరవై ఆరున. గుర్రాన్ని దింపించండి."

"దింపిస్తాను." గొంతు ఇప్పుడు ముసలిదైంది. "వందమందికి సరిపోతుంది. కల్బూబూని పిండి చూసుకోమను."

"సరే."

"బాబూ."

"చెప్పండి అత్తమ్మా."

"ఇంకెప్పుడూ ఈ నంబరు నుంచి చెయ్యకు."

వాడు ఫోను వెనకభాగం గోటితో ఎత్తి, సిమ్ కార్డును బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత ఏడ్చాడు. మగవాడు గొంతెత్తి శోకం తీయడం మా వాళ్లలో లేదు. వాడు తీశాడు. బాత్మా ముసలమ్మ దగ్గర కుందుజ్ పోగుచేసిన మాటలే, మూడు నెలలకు పైగా విని విని వాడికి కంఠతా వచ్చేశాయి. ప్రాంగణంలో ఆడవాళ్లు ఒక్కొక్కరే కిటికీలు తెరిచారు. ఎవరూ ఆపమనలేదు.